ఏనుగుబండ వనరుల కేంద్రం

సార్లను సందేహాలు అడగకూడదని ఆర్డరు వచ్చిన రోజున, మా బడి మొత్తం మీద సంతోషించింది నేనొక్కదాన్నే.

దానికి కారణం ఉంది. పదో తరగతి దాకా వచ్చాను గానీ లేచి నిలబడి ఒక్క సందేహం అడిగిన పాపాన పోలేదు. అడగాలని ఉంటుంది. లేస్తాను కూడా. లేవగానే గొంతులో ఇసుక పోసినట్టవుతుంది. "ఏం ఓబులేశ్వరీ?" అని సార్ అనగానే "ఏం లేదు సార్, చీమ కుట్టింది" అని కూర్చుంటాను. మా నల్లగుండ్లపల్లె హైస్కూల్లో నన్ను కుట్టినన్ని చీమలు ఇంకెవరినీ కుట్టలేదు. నా పక్కన కూర్చునే చౌడేశ్వరి ఊరుకుంటుందా? "సార్, వాళ్లమ్మ దీనికి బెల్లం పూసి పంపిస్తాందేమో అడగండి సార్" అని క్లాసంతా నవ్వించేది.

అందుకని, ప్రార్థన అయ్యాక హెడ్‌మాస్టరమ్మ వసుంధర మేడం ఆ ఆర్డరు చదువుతుంటే నాకు పండగలా అనిపించింది. మేడం తెలుగు చెబుతారు. ఆర్డరు ఏదొచ్చినా పద్యం చదివినట్టే చదువుతారు.

"ఇరవై ఒకటవ శతాబ్దపు విద్యార్థి జ్ఞానమును అడుక్కొనరాదు, అన్వేషించుకొనవలెను. కావున 'స్వయంశోధన' పథకములో భాగముగా, విద్యార్థులు తమ ఇంటిపనికి సంబంధించిన సందేహములను అంతర్జాల వనరుల ద్వారా మాత్రమే తీర్చుకొనవలెను. ఉపాధ్యాయుడు విద్యార్థికి నేరుగా జవాబు చెప్పినచో అది 'సమాధాన దానము'గా పరిగణింపబడి, శాఖాపరమైన చర్యలకు దారితీయును."

చౌడేశ్వరి వరసలో నుంచే చెయ్యెత్తింది. "అంటే సార్లు ఇంక మాట్లాడకూడదా మేడం?"

"మాట్లాడొచ్చమ్మా" అన్నారు మేడం, కాగితం వెనకపక్క కూడా చూసి. "జవాబు తప్ప ఏదైనా మాట్లాడొచ్చు."

అందరం షఫీవుల్లా సార్ వైపు చూశాం. ఆయన మాకు భౌతికశాస్త్రం చెబుతారు. ఆయన సంగతి తెలిసినవాళ్లకు ఆ ఆర్డరు ఎంత పెద్ద శిక్షో అర్థమవుతుంది. ఒకసారి బస్సులో కండక్టరు, "బ్రేకేస్తే మనిషి ముందుకే ఎందుకు పడతాడు సార్?" అని ఊరికే అన్నందుకు అతనికి జడత్వం చెబుతూ చెబుతూ దిగాల్సిన ఊరు దాటి పైఊరికి పోయిన మనిషి. ప్రశ్న వినబడిందంటే ఆయనకు తుమ్ము వచ్చినట్టే, ఆపుకోలేరు. ఆ రోజు మూడో పీరియడ్‌లో ఎవరో అలవాటుగా, "సార్, ఆకాశం నీలంగా ఎందుకుంటుంది?" అన్నారు. సార్ నోరు తెరిచారు. మూశారు. ఆకాశం వైపు చూశారు. సీసా ఎత్తి గటగటా నీళ్లు తాగారు.

"వెతుక్కోండి నాయనా" అన్నారు.

నాకు మాత్రం హాయిగా ఉంది. ఇక లేవాల్సిన పని లేదు. నా దగ్గర ఒక సందేహం చాలా రోజులుగా ఉంది. కాంతి పరావర్తనం పాఠం మొదలైనప్పుడు పుట్టింది. జడ వేసుకుని కుడిపక్క కనకాంబరాలు పెట్టుకుంటే అద్దంలోని పిల్ల ఎడమపక్క పెట్టుకుంటుంది. కుడి ఎడమలు తారుమారు అవుతాయని పుస్తకంలోనూ ఉంది. సరే. మరి పైనా కిందా ఎందుకు తారుమారు కావు? తల కిందికీ, కాళ్లు పైకీ ఎందుకు రావు? కుడి ఎడమల మీద అద్దానికి ఏమిటంత కోపం? అద్దాన్ని పక్కకు తిప్పి చూశాను. అడ్డంగా పట్టుకుని చూశాను. తల తల చోటే ఉంది. మా అమ్మను అడిగితే, "అద్దం ముందర రొంత తక్కువసేపు నిలబడు, ఇట్లాటి సందేహాలు రావు" అంది.

ఇక మిగిలింది అంతర్జాలమే.

మా ఊరు రెండు కొండల మధ్య ఉంది. ఊళ్లో సిగ్నల్ రాదు. ఊరిబయట ఏనుగుబండ మీద మాత్రం వస్తుంది. పడుకున్న ఏనుగులా ఉంటుంది కాబట్టి ఆ పేరు. అంతకుముందు దాని మీద చింతపండు ఎండబెట్టేవాళ్లు, బెంగళూరులో ఉండే అల్లుళ్లకు ఫోన్లు చేసేవాళ్లు. ఇప్పుడు మేం ఇంటిపని చేయడానికి ఎక్కాం.

ఫోన్లు నాయనల దగ్గర ఉంటాయి. మా నాయన వెంకట్రాముడు వేరుశనగ రైతు, మా పక్క చెనిక్కాయలంటాం. ఫోను అడిగితే, "ఇస్తా. దాంతోపాటు నేనూ వస్తా" అన్నాడు. అందరి నాయనలూ అదే మాట అన్నారు. బడి వదలగానే పిల్లలు, ఫోన్లు, ఫోన్ల వెనక నాయనలు, అందరూ బండ ఎక్కేవాళ్లు. గేదెల పాలు పితికే వేళకు ఊళ్లో మగమనిషి ఒక్కడూ కనబడడం లేదని ఆడవాళ్లు గొడవ పెట్టుకున్నారు. బోండాలమ్మే నరసమ్మ బస్టాపు వదిలి పొయ్యి తెచ్చి బండ కింద పెట్టింది.

నేను నాయన ఫోన్లో నా సందేహం రాశాను. అది ముందుగా, ఇంటికి ఏ దిక్కున అద్దం తగిలిస్తే ఐశ్వర్యం వస్తుందో చెప్పింది. కలలో అద్దం పగిలితే ఏమవుతుందో చెప్పింది. మొహం అద్దంలా మెరవాలంటే శనగపిండిలో ఏం కలపాలో చెప్పింది. కిందికి జరుపుకుంటూ పోతే ఒకచోట అచ్చం నా ప్రశ్నే కనబడింది! వెంటనే నొక్కాను. రెండు వాక్యాలు కనబడి, మిగతాదంతా మంచు పట్టినట్టు మసకగా ఉంది. మసక మీద ఇలా ఉంది: 'పూర్తి సమాధానం చూడటానికి లాగిన్ అవ్వండి.'

లాగిన్ అంటే ఏమిటో, ఎలా అవ్వాలో తెలియదు. అది అడిగినవేవీ మా నాయన దగ్గర లేవు. "పుట్టినరోజంట. ఈమెయిలంట. పెళ్లిసంబంధమా ఏందిమే ఇది?" అని ఫోను లాక్కున్నాడు.

మరునాడు షఫీవుల్లా సార్ మా నోటుపుస్తకాలు తెరిచారు. పాఠంలోని ప్రశ్నలన్నిటికీ క్లాసంతా ఒకే జవాబు రాసింది. 'పూర్తి సమాధానం చూడటానికి లాగిన్ అవ్వండి.' కొందరు ఎర్ర సిరాతో గీత కూడా కొట్టారు. చౌడేశ్వరి దాని కింద బొమ్మ వేసి భాగాలు గుర్తించింది.

సార్ "ఎక్కడినుంచి రాశారు?" అని అడిగారు.

"అంతర్జాలం నుంచి సార్!" అన్నాం అందరం.

నిబంధన ప్రకారం అంతర్జాలం నుంచి వచ్చిన దాన్ని తప్పనడానికి వీల్లేదు. సార్ అన్నిటికీ టిక్కులు పెట్టారు. టిక్కు పెట్టేటప్పుడు ఆయన మొహం, ఒంటికి పడని మందు మింగుతున్న మనిషి మొహంలా ఉంది.

పుస్తకాలు చూడటానికి జిల్లా స్వయంశోధనాధికారి చక్రధర్ గారు వచ్చారు. పొడుగ్గా ఉంటారు. నల్ల కళ్లద్దాలు తలమీదికి తోసుకుని ఉంటారు. ఆయన వెనకే ఫైలు పట్టుకుని ఒక గుమాస్తా నడుస్తాడు. అధికారి ఒక్కో పుస్తకం తిప్పి తిప్పి చూశారు. మేడం చీర కొంగుతో చెమట తుడుచుకున్నారు.

"అద్భుతం!" అన్నారు చక్రధర్ గారు. "ఒక తరగతి మొత్తం ఏకాభిప్రాయానికి రావడం నా పరిశీలనలో ఇదే ప్రథమం. సత్యం ఒక్కటే అని ఈ పిల్లలు నిరూపించారు."

షఫీవుల్లా సార్ ఇక ఉండలేక, "సార్, అది జవాబు కాదు సార్. లాగిన్ అవమంటోంది. మన పిల్లలకు తెలుగులో అర్థమయ్యేట్టు అక్కడ ఏమీ లేదు" అన్నారు.

అధికారి కళ్లు మూసుకుని ఆలోచించారు. "వనరు లేనిచోట వనరును సృష్టించాలి. మీరు చెప్పకూడదన్నామే గానీ, అప్‌లోడ్ చేయకూడదనలేదే! విద్యార్థి ప్రశ్నను అంతర్జాలంలో పెడతాడు. మీరు అంతర్జాలంలో చూస్తారు. జవాబు వీడియో తీసి అంతర్జాలంలో పెడతారు. విద్యార్థి అంతర్జాలంలో అన్వేషిస్తాడు."

"బడిలో సిగ్నల్ రాదు సార్" అన్నారు మేడం.

"పిల్లలు ఎక్కడ డౌన్‌లోడ్ చేస్తున్నారో మీరూ అక్కడే అప్‌లోడ్ చేయండి."

అలా షఫీవుల్లా సార్ కూడా ఏనుగుబండ ఎక్కారు. బండకు నీలం రంగు కొట్టించి, ఏనుగు నుదుటి మీద 'మండల డిజిటల్ వనరుల కేంద్రం' అని రాయించారు.

మేం బండకు ఈపక్క కూర్చున్నాం. సార్ ఆపక్క, చెయ్యి చాపితే తగిలేంత దూరంలో కూర్చున్నారు. మేం ప్రశ్న పెడితే అది ఆకాశంలోకి పోయి, ఎక్కడెక్కడో తిరిగి, సార్ ఫోన్లో దిగేది. సార్ చదివి, గొంతు సవరించుకుని, తన ఫోనుకు పాఠం చెప్పేవారు. గాలి మావైపే వీస్తుంది కాబట్టి మొత్తం వినబడేది. ఎంత బాగుండేదో! అది చూసి మేడంకు అనుమానం వచ్చింది. మేడం నిబంధన తప్పే మనిషి కాదు. జిల్లాకు రాసి వివరణ అడిగారు. వివరణ వచ్చింది.

"విద్యార్థి చెవిన నేరుగా పడిన జవాబు అంతర్జాలము ద్వారా రానందున చెల్లదు. కావున వీడియో చిత్రీకరణ జరుగు సమయమున ఉపాధ్యాయుడు విద్యార్థులకు వీపు చూపి కూర్చొనవలెను. విద్యార్థులు చెవులు మూసుకొనవలెను. పర్యవేక్షణకు ఒక విద్యార్థి నాయకురాలిని నియమించవలెను."

చౌడేశ్వరి చెవుల లీడరు అయింది. తన చెవులు కూడా మూసుకోవాలి గనక రెండు చేతులూ ఖాళీ లేవు. ఎవరి వేలైనా వదులైతే కాలితో తన్నేది. సార్ వీడియో తీసినంతసేపూ నల్లగుండ్లపల్లె పదో తరగతి చెవుల్లో వేళ్లు పెట్టుకుని కొండల వైపు చూస్తూ కూర్చునేది. దారినపోయే మేకలు కూడా ఆగి మమ్మల్ని చూసేవి.

నాయనల సంగతి ఆర్డరులో లేదు. వాళ్లు విద్యార్థులు కారు కదా. కాబట్టి వాళ్లు బోండాలు తింటూ, చెవులు బార్లా తెరుచుకుని పాఠాలన్నీ విన్నారు. కొన్ని వారాలకల్లా ఊరి టీ అంగట్లో పతన కోణం మీద వాదనలు మొదలయ్యాయి. "సమానం కాకుండా యాడికి పోతాదప్పా! పతన కోణం ఎంతో పరావర్తన కోణం అంతే" అని ఒకరు బల్ల గుద్దితే, "గోడ బాగుంటే సరే. మా గోడ గరుకు. దానికేం చెప్తావ్?" అని ఇంకొకరు. మేం పక్కనుంచి పోతూ ఏమీ అర్థంకాక తలలు వంచుకునేవాళ్లం.

అప్పుడే నేను ధైర్యం చేసి నా అద్దం సందేహం పెట్టాను. లేవక్కర్లేదు, గొంతు అక్కర్లేదు. కానీ ఫోను నాయనది. పంపినవారి పేరు దగ్గర 'వెంకట్రాముడు చెనిక్కాయలు' అని పడింది.

సార్ చదివి ఉలిక్కిపడ్డట్టు లేచి నిలబడ్డారు. వెంటనే ఆయన దగ్గర్నుంచి జవాబు వచ్చింది: 'వెంకట్రాముడు గారూ! నా సర్వీసులో ఇంత మంచి ప్రశ్న ఎవరూ అడగలేదు. మీకు నా నమస్కారాలు.'

ఆ సాయంత్రానికి ఊరంతా పాకింది. "ఏం వెంకట్రాముడూ, అద్దంలో తలకిందులుగా కనబడాలని కోరికంట కదా?" అని అడిగేవాళ్లు కొందరు. "మనోడు పైకి చెనిక్కాయలు పీకుతాన్నా లోపల పెద్ద బుర్రప్పా" అనేవాళ్లు కొందరు. మా నాయన కాదనలేదు. మీసం మీద చెయ్యి వేసుకుని, "ఏదో, అట్లా వస్తాంటాయి" అన్నాడు.

నా జీవితంలో మొదటి ప్రశ్న. దానికి వచ్చిన మొదటి మెప్పు. రెండూ మా నాయన మీసంలో కలిసిపోయాయి.

పోతేపోయింది, జవాబు వస్తే చాలనుకున్నాను. మరునాడు బండ మీద సార్ వీపును చూస్తూ చెవులు మూసుకున్నాను. ఆయన జేబులోంచి చిన్న అద్దం తీశారు. చేతులు అటూ ఇటూ ఊపుతున్నారు, వేలు చూపిస్తున్నారు. భుజాలు చూస్తేనే తెలుస్తోంది, చాలా బాగా చెబుతున్నారని. నా వేలు రవ్వంత వదులైంది. చౌడేశ్వరి తన్నింది.

వీడియో వచ్చింది. నొక్కాను. సార్ నవ్వుతూ కనబడ్డారు. "మీ ప్రశ్న చాలా బాగుంది. అద్దం నిజానికి మార్చేది" అన్నారు. అక్కడ ఆగిపోయింది. సార్ నోరు తెరిచి ఉన్నారు. నోటి మీద ఒక గుండ్రం తిరుగుతోంది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. ఎప్పుడు తెరిచినా సార్ నోరు తెరుచుకునే ఉండేది, గుండ్రం తిరుగుతూనే ఉండేది.

"నాయనా, నువ్వు విన్నావు కదా. సార్ ఏం చెప్పినాడు?" అని అడిగాను.

మా నాయన చాలా కష్టపడ్డాడు. "ముందర ఉండేది వెనక్కి పోతాదంట పాపా. వెనక ఉండేది... అది కూడా యాడికో పోతాదంట. అంతలోకి ఎవరిదో దున్నపోతు మన చేన్లో పడె. నేను తరుముకోను పోతి."

ఇంతలో చౌడేశ్వరి ఆఫీసు గది దగ్గర వినొచ్చి ఒక మాట చెప్పింది. చెప్పేటప్పుడు నవ్వలేదు. చౌడేశ్వరి నవ్వకుండా చెప్పిందంటే భయమేసింది.

"మన సార్‌ను తీసేస్తారంట మే. పాఠాలన్నీ ఫోన్లో ఎక్కినాయంట కదా, ఇంక మనిషి మిగులంట. శనివారం ఆ పెద్దసారు బండ మీదికి వచ్చి చూస్తాడంట. అంతా బాగుందనుకుంటే మన సార్‌ను వేరే మండలానికి పంపిస్తారంట, అక్కడ కూడా వీడియోలు తీయను."

"బాగాలేదంటే?"

"మేడంకు మెమో ఇస్తారంట."

ఆ సాయంత్రం సార్ సైకిల్ తీసుకుంటుంటే మేమంతా చుట్టూ నిలబడ్డాం. ఎవరం ఏమీ అడగలేదు. అడగకూడదు కదా. ఆయనే, "నేనెక్కడికి పోతానమ్మా, మీ ఫోన్లలోనే ఉంటా కదా" అన్నారు. ఫోన్లో ఉన్న సార్ గుర్తొచ్చారు. నోరు తెరుచుకుని, గుండ్రం తిరుగుతూ.

నాయనలు మాకంటే ఎక్కువ బాధపడ్డారు. వాళ్లకు విద్యుత్తు పాఠం సగంలో ఉంది.

శనివారం వచ్చింది. బండకు మామిడాకులు కట్టారు. చక్రధర్ గారు జీపు దిగి, గుమాస్తా చెయ్యందిస్తే బండ ఎక్కారు. ఆయన వెంట వచ్చినవాళ్లంతా ఫోన్లు పైకెత్తి అదంతా ఎవరెవరికో చూపిస్తున్నారు. మేం చెవుల్లో వేళ్లు పెట్టుకుని వరసగా కూర్చున్నాం. ఆపక్క షఫీవుల్లా సార్ వీపు. నాయనలు వెనక నిలబడ్డారు. అధికారి మాట్లాడేటప్పుడు మాత్రం వేళ్లు తియ్యొచ్చని మేడం సైగ చేశారు.

"ఈ కేంద్రంలో అత్యుత్తమ ప్రశ్న సంధించిన ఆదర్శ అన్వేషకుడు వెంకట్రాముడు. లేచి నిలబడు నాయనా" అన్నారు అధికారి కాగితం చూసి.

వెనకనుంచి మా నాయన, పెద్ద మీసంతో, తువ్వాలు భుజాన వేసుకుని ముందుకొచ్చాడు.

అధికారి కిందినుంచి పైదాకా చూశారు. "ఏ తరగతి?"

"ఐదు తప్పినా సార్."

గుమాస్తా రాసుకోబోయి ఆగాడు. మా నాయన తువ్వాలు సర్దుకున్నాడు. మీసం మీదికి చెయ్యి పోలేదు. "నేను కాదు సార్ అడిగింది. ఆ పొద్దు చెప్పేసి ఉండాల్సింది. మా పాప. అదో, చివర్లో కూర్చునింది, ఆ పిల్ల."

అందరి తలలూ తిరిగాయి. ఆపక్క షఫీవుల్లా సార్ వీపు కూడా కదిలింది.

నేను లేచాను. గొంతులో ఇసుక పడింది.

"ప్రదర్శించమ్మా" అన్నారు అధికారి. "నీ ప్రశ్నకు అంతర్జాలం ఏ విధంగా సమాధానం అందించిందో అందరికీ చూపించు."

ఫోను తీశాను. నొక్కాను. సార్ నోరు తెరిచారు. గుండ్రం తిరిగింది. వచ్చినవాళ్ల ఫోన్లన్నీ ఉన్న సిగ్నలంతా తాగేస్తున్నాయి. అధికారి 'సహనం అన్వేషకుడి ప్రథమ లక్షణం' అని కాసేపు మాట్లాడారు. గుండ్రం తిరిగింది. 'రెండవ లక్షణం' గురించి కూడా మాట్లాడారు. గుండ్రం తిరుగుతూనే ఉంది. ఇక మాట్లాడటానికి ఏమీ లేక, ఫోను తీసుకుని నా ప్రశ్న చదివారు. మళ్లీ చదివారు. తలమీది నల్ల కళ్లద్దాలు తీసి, వాటిలో తన మొహం చూసుకున్నారు. తల అటు వంచారు, ఇటు వంచారు. కళ్లద్దాలను పక్కకు తిప్పి చూశారు. నేను అద్దాన్ని తిప్పినట్టే.

"అవును. ఎందుకు కావు?" అన్నారు. అది అధికారి గొంతులా లేదు. చిన్నపిల్లవాడి గొంతులా ఉంది.

మేడం వైపు చూశారు.

"నాది తెలుగు సార్" అన్నారు మేడం.

గుమాస్తా వైపు చూశారు. గుమాస్తా ఫైలు తిరగేసి, "దీని మీద మనకు ఆర్డర్లేవీ రాలేదు సార్" అన్నాడు.

అధికారి షఫీవుల్లా సార్ వీపు వైపు చూశారు. వీపులో జవాబు కొట్టుకుంటోంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. "అయ్యా, మీరు..." అన్నారు అధికారి. "సమాధాన దానం అవుతుంది సార్" అన్నాడు గుమాస్తా మెల్లగా. ఆర్డరు మీద సంతకం అధికారిదే.

ఆ క్షణాన నాకు ఒకటి తోచింది. ఈ గుండ్రం ఆగి వీడియో ఆడిందంటే సార్ వెళ్లిపోతారు. ఆడకపోతే మేడంకు మెమో. సార్ చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉన్నారు. ఈ శనివారం దాటితే ఎంత దూరంలో ఉంటారో తెలియదు. ఆయన ఆపక్క ఉన్నప్పుడు అడగకపోతే ఇంకెప్పుడు అడుగుతాను?

"సార్" అన్నాను.

సార్ అటే తిరిగి ఉన్నారు. కానీ అలవాటు ఎక్కడికి పోతుంది? "ఏం ఓబులేశ్వరీ? చీమ కుట్టిందా?" అన్నారు.

"లేదు సార్. సందేహం సార్. అద్దం కుడి ఎడమలు మారుస్తాది కదా సార్, తలకిందులు ఎందుకు చేయదు?"

షఫీవుల్లా సార్ గిరుక్కున ఇటు తిరిగారు.

"సార్, నిబంధన..." అన్నాడు గుమాస్తా.

"ఆగవయ్యా" అన్నారు చక్రధర్ గారు.

సార్ జేబులోంచి ఆ చిన్న అద్దమే తీసి నా ముందు పట్టుకున్నారు. "ఉత్తరం వైపు తిరిగి నిలబడమ్మా. కుడిచెయ్యి ఎత్తు. నీ చెయ్యి ఏ దిక్కున ఉంది?"

"తూర్పున సార్."

"అద్దంలో లేచిన చెయ్యి ఏ దిక్కున ఉంది?"

చూశాను. "అదీ తూర్పునే సార్."

"నీ తల పైనుంది. అద్దంలో?"

"పైనే."

"మరి ఏం మారింది? తూర్పు తూర్పునే ఉంది, పైన పైనే ఉంది. ఇప్పుడు అద్దం వైపు వేలు చూపించు. నువ్వు ఉత్తరానికి చూపిస్తున్నావు. ఆ పిల్ల?"

ఆ పిల్ల వేలు నా వైపు ఉంది. "దక్షిణానికి సార్!"

"అదొక్కటే మారింది. అద్దం కుడి ఎడమల జోలికీ పోదు, పైకిందుల జోలికీ పోదు. ముందుదాన్ని వెనక్కి తిప్పుతుంది, అంతే. నీలాంటి పిల్ల ఒకతె చుట్టూ తిరిగొచ్చి నీకెదురుగా నిలబడిందని మనమే అనుకుని, కుడి ఎడమలు మారాయంటాం. తప్పు అద్దానిది కాదు, మన అనుకోవడానిది."

ఎన్ని రోజుల సందేహం! నీళ్లలో ఉప్పురాయి కరిగినట్టు కరిగిపోయింది. చుట్టూ చూస్తే ఒక్క చెవిలోనూ వేలు లేదు. చెవుల లీడరు అందరికంటే ముందే తీసేసి, "అయితే మన సార్‌ను అటు తిప్పి కూర్చోబెట్టింది కూడా అద్దమేనా మే?" అని నా చెవిలో అంది. వెనకనుంచి మా నాయన, "ఆఁ, అదే! ఇంట్లో నేను చెప్పింది కూడా ఇదే!" అని అరిచాడు. చక్రధర్ గారు కళ్లద్దాలకు ఎదురుగా వేలు చూపిస్తూ నిలబడ్డారు. వేలు తీసి, మళ్లీ చూపించి, నవ్వుకున్నారు.

గుమాస్తా దగ్గాడు. "నివేదికలో ఏమని రాయమంటారు సార్?"

అధికారి మళ్లీ అధికారి అయ్యారు. బండ మీద అటూ ఇటూ నడిచారు. సార్ చుట్టూ ఒకసారి తిరిగి, కొత్త ట్రాక్టరును చూసినట్టు చూశారు. "రాయి. ఈ వనరుకు సిగ్నల్ అవసరం లేదు. మధ్యలో ప్రకటనలు రావు. గుండ్రం తిరగదు. మాతృభాషలో పనిచేస్తుంది. అర్థం కాకపోతే మళ్లీ చెబుతుంది." మేడం వైపు తిరిగి, "దీన్ని ఏమంటారు?" అని అడిగారు.

"పాఠం చెప్పడం అంటారు సార్" అన్నారు మేడం భయంభయంగా.

"కుదరదు. పాత పేరు. మార్చాలి."

మారింది. మేడం మళ్లీ ప్రార్థనలో పద్యంలా చదివారు. "స్వయంశోధన అఖండ విజయము సాధించినందున, దాని రెండవ దశగా 'ప్రత్యక్ష సజీవ వనరు' పథకమును నల్లగుండ్లపల్లె ఉన్నత పాఠశాలలో ప్రయోగాత్మకముగా ప్రవేశపెట్టడమైనది. సజీవ వనరు తరగతి గదిలో విద్యార్థులకు అభిముఖముగా నిలబడవలెను. విద్యార్థులు రెండు చెవులును తెరిచి ఉంచవలెను. వనరును పాఠశాల నుండి తరలించరాదు. ప్రతి సాయంత్రము భద్రముగా ఇంటికి పంపవలెను."

షఫీవుల్లా సార్ కుర్చీ వెనక, బెంచీల మీద రాసినట్టే, 'వనరు' అని నీలం రంగుతో రాశారు. చౌడేశ్వరి పదవి పోలేదు. ఇప్పుడు చెవులు తెరిచి ఉన్నాయో లేదో చూస్తుంది. తన్నడం మాత్రం మానలేదు. విద్యుత్తు పాఠం నాడు నాయనలు కిటికీల దగ్గర నిలబడ్డారు. మేడం చూసీ చూడనట్టు పోయారు, ఆర్డరులో కిటికీల సంగతి లేదు కాబట్టి.

ఆ ఆర్డరు చివర్లో ఇంకొక వాక్యం ఉంది: 'సందేహము గల విద్యార్థి ముందుగా కుడిచేయి పైకెత్తి లాగిన్ కావలెను.'

విద్యుత్తు పాఠం అయిపోయాక ఒక సోమవారం వక్రీభవనం మొదలైంది. సార్ గ్లాసు నీళ్లలో పెన్సిలు పెట్టారు. నీళ్ల దగ్గర పెన్సిలు విరిగినట్టు కనబడింది. మరి నీళ్లలో ఉన్న చేపకు బయట ఉన్న మనం ఎలా కనబడతాం? మనం కూడా విరిగినట్టే ఉంటామా?

గొంతులో ఇసుక పడింది. పడనీ అనుకుని కుడిచెయ్యి ఎత్తాను.

సార్ పెన్సిలు పక్కన పెట్టారు. "లాగిన్ అయ్యావా ఓబులేశ్వరీ?"

"అయినాను సార్."

"చీమలేం లేవు కదా?"

"లేవు సార్" అన్నాను. అడగడం మొదలుపెట్టాను.